లివర్‌కి బ్రాండ్ తెలీదు: విశాఖ గ్లాసు, విశాఖ కంచం కథ

"అన్నా, స్కానింగ్‌లో ఫ్యాటీ లివర్ గ్రేడ్ వన్ అని వచ్చింది, ఏం తినాలి, ఏం తాగాలి?" అని ఈ మధ్య చాలామంది అడుగుతున్నారు. అడిగేవాళ్ళలో సగం మందికి ముప్ఫై ఏళ్ళు కూడా లేవు. నేను డాక్టర్ని కాదు, చరిత్ర చెప్పుకునేవాణ్ణి. డైట్ చార్టులు నా దగ్గర ఉండవు. కానీ మన విశాఖలో మనిషి గ్లాసులోకి ఏం వచ్చింది, కంచంలోకి ఏం వచ్చింది, ఎవరు తెచ్చారు అన్నది చెప్పగలను. అది తెలిస్తే మీ ప్రశ్నకి జవాబు చాలావరకు మీకే దొరుకుతుంది.

కొండల నుంచి మొదలుపెడదాం. 1879 మార్చిలో రంపలో పెద్ద తిరుగుబాటు లేచింది. కొద్ది వారాల్లోనే అది అప్పటి విశాఖపట్నం జిల్లాలోని గూడెం కొండలకి పాకింది. పోలీస్ స్టేషన్ల మీద దాడులు జరిగాయి, మద్రాసు నుంచి సైన్యం దిగింది, అణచడానికి మరుసటి ఏడాది దాకా పట్టింది. కారం తమ్మన్న దొర పేరు విన్నారా? ఆ తిరుగుబాటు నాయకుల్లో ఆయన ఒకడు. ఇంతకీ గొడవ దేని గురించి? కారణాలు చాలా ఉన్నాయి గానీ, నిప్పు అంటించింది మాత్రం కల్లు. కొండవాళ్ళు తమ చెట్టు తాము గీసుకుని ఇంట్లో తాగే కల్లు మీద కూడా ఆంక్షలు పెట్టారు, కల్లు హక్కులు బయటి కాంట్రాక్టర్లకి ఇచ్చారు. దానికి తోడు రంప మునసబుదారు వసూలు చేసే చిగురుపన్ను. చెట్టు మనది, గీసేది మనం, మధ్యలో వీడెవడు అన్నారు జనం. న్యాయమైన ప్రశ్నే కదా.

కల్లు గొప్పదని చెప్పడానికి ఈ కథ ఎత్తుకోలేదు. ఇందులో మన లివర్‌కి సంబంధించిన ఒక సంగతి ఉంది. తాటికల్లైనా, జీలుగు కల్లైనా, ఈతకల్లైనా పొద్దున్న దింపినప్పుడు తియ్యగా ఉంటుంది. ఎండ ఎక్కేకొద్దీ పులుస్తుంది. సాయంత్రానికి ఆల్కహాల్ నాలుగైదు శాతం దాకా వస్తుంది. మర్నాటికి పుల్లగా మారి తాగబుద్ధి కాదు. అంటే దాచుకోవడానికి లేదు, దూరం పంపడానికి లేదు, లెక్క కట్టి పన్ను వెయ్యడం మహా కష్టం. సారా అలా కాదు. కాచి దించితే అది నెలల తరబడి నిలవుంటుంది. పీపాల్లో పోసి బండెక్కించొచ్చు, లీటరుకి ఇంత అని పన్ను కట్టొచ్చు, వేలం వెయ్యొచ్చు. ఏ ప్రభుత్వమైనా ఖజానా వైపు నుంచి చూస్తే చెట్టు కంటే బట్టీ నచ్చుతుంది. ఇంగ్లీషు దొరల ఆబ్కారీకి అదే నచ్చింది. ఆ తర్వాత వచ్చిన మన ప్రభుత్వాలూ ఆ అలవాటు మానుకోలేదు, ఇది నా అభిప్రాయం.

ఇప్పుడు లివర్ వైపు నుంచి చూడండి. పక్కటెముకల కింద కుడివైపున సుమారు కిలోన్నర బరువుండే ఈ అవయవానికి రూపాయల లెక్క రాదు, గ్రాముల లెక్కే వచ్చు. ఫోన్‌లో కాల్క్యులేటర్ తియ్యండి. ఎన్ని ఎంఎల్ తాగారో దాన్ని ఆల్కహాల్ శాతంతో గుణించి, మళ్ళీ 0.79తో గుణిస్తే గ్రాములు వస్తాయి. 42.8 శాతం ఉన్న విస్కీ 30 ఎంఎల్ అంటే 10 గ్రాములు. క్వార్టర్, అంటే 180 ఎంఎల్, సుమారు 60 గ్రాములు. ఎనిమిది శాతం స్ట్రాంగ్ బీర్ 650 ఎంఎల్ సీసాలో 41 గ్రాములు. "బీరే కదా బ్రో" అనే మాట ఇక్కడే తేలిపోతుంది. ఐదు శాతం కల్లు లీటరు తాగినా 40 గ్రాముల దగ్గరికి వస్తుంది. లివర్ గంటకి ఖర్చు పెట్టగలిగేది ఏడు నుంచి పది గ్రాములు. రాత్రి పదింటికి క్వార్టర్ పూర్తి చేసినవాడి లివర్ తెల్లారి ఐదు దాకా ఆ ఒక్క పనే చేస్తుంది. ఏ షిఫ్ట్‌కి ఆరింటికి గేటు దగ్గర ఉండాల్సినవాడు ఆ లెక్క వేసుకోవాలి.

మా చిన్నాన్న గాజువాక వైపు షిఫ్ట్ ఉద్యోగం చేసేవాడు. పేరున్న కంపెనీ మందే తాగేవాడు. "ఒరే, నాటుసారా తాగేవాళ్ళకిరా లివర్ పోయేది, మనది సీలు వేసిన సరుకు" అనేవాడు. కడుపులో నీరు చేరేదాకా ఆయనకి ఎక్కడా నొప్పి లేదు. లివర్‌తో వచ్చిన చిక్కే అది, చాలాకాలం నొప్పి తెలియనివ్వదు. మొదట కొవ్వు పడుతుంది. ఆ దశలో మానేస్తే కొన్ని వారాల్లోనే చాలావరకు శుభ్రపడుతుంది. తర్వాత వాపు, ఆ తర్వాత మచ్చలు కట్టి గట్టిపడడం. దాన్నే సిర్రోసిస్ అంటారు. అక్కడి నుంచి పూర్తిగా వెనక్కి రావడం కష్టం. చిన్నాన్న నలభై ఆరో ఏట పోయాడు. నాటుసారాలో కల్తీ వేరే ప్రమాదం, అది ఒక్క రాత్రిలో చంపగలదు, కళ్ళు తియ్యగలదు. సీలు సీసా ఆ ప్రమాదం తగ్గిస్తుంది, అంతే. సిర్రోసిస్ మాత్రం సీలు చూసి ఆగదు. సీసా మీద బ్రాండ్ మనకోసం, లివర్ దాన్ని చదవదు. 2023 జనవరిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇంకాస్త ముందుకెళ్ళి, ఆరోగ్యానికి ఇబ్బంది లేని మోతాదు అంటూ ఏదీ లేదని చెప్పింది.

మళ్ళీ చరిత్రకొద్దాం. 1879లో కల్లు హక్కు కోసం పోరాడిన ఆ కొండల్లోకే నలభై ఏళ్ళ తర్వాత అల్లూరి సీతారామరాజు వచ్చాడు. చింతపల్లి స్టేషన్ మీద దాడి 1922 ఆగస్టు 22న. అది అందరికీ తెలుసు. దానికి ముందు ఆయన ఊరూరా తిరిగి ఏం చెప్పాడో తక్కువమందికి తెలుసు. తాగుడు మానండి, తగాదాలకి కోర్టులకెళ్ళకుండా పంచాయతీలో తీర్చుకోండి అని చెప్పాడు. ఈ రెంటికీ వైరుధ్యం ఏమీ లేదని నాకనిపిస్తుంది. మా గ్లాసు మీద నీ పెత్తనం ఏంటని ఒక తరం అడిగింది. గ్లాసు చేతిలో ఉన్నంతకాలం పెత్తనం వాడిదేనని తర్వాతి తరానికి అర్థమైంది.

ఆంధ్ర రాష్ట్రం వచ్చాక ఈ గ్లాసు ఏకంగా ఒక ప్రభుత్వాన్నే కూల్చింది. 1954 నవంబర్‌లో ప్రకాశం పంతులుగారి ప్రభుత్వం మద్యనిషేధం గొడవలో ఒకే ఒక్క ఓటు తేడాతో పడిపోయింది. ఎనభైల్లో వారుణి వాహిని పేరుతో ప్రభుత్వ సారా ఊళ్ళలోకి వచ్చింది. ఇక 1992. ఆగస్టు 1న ప్రధాని పీవీ నరసింహారావు విశాఖ ఉక్కు కర్మాగారాన్ని జాతికి అంకితం చేశారు. ఆంధ్రుల హక్కు అని 1966లో ప్రాణాలిచ్చి సాధించుకున్న ప్లాంట్ అది. అదే ఏడాది నెల్లూరు జిల్లా దూబగుంటలో మొదలైన సారా వ్యతిరేక ఉద్యమం రాష్ట్రమంతా అంటుకుంది. రాత్రిబడిలో అక్షరాలు నేర్చుకుంటున్న ఆడవాళ్ళు, వర్ధినేని రోశమ్మ లాంటివాళ్ళు, కలిసికట్టుగా వెళ్ళి సారా దుకాణం మూయించారు. వేలంపాటలు ఆగిపోయాయి. 1993 అక్టోబర్ 1 నుంచి సారా నిషేధం, 1995 జనవరి 16 నుంచి సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. 1997లో ఆ సంపూర్ణ నిషేధం ఎత్తేశారు. ఖజానాకి లోటు అన్నది ప్రధాన కారణం. ఆ ఆడవాళ్ళకి గ్రాముల లెక్క తెలీదు. కానీ మొగుడి కూలి డబ్బులు, వాడి కడుపు, ఇంట్లో పిల్లల అన్నం, ఈ మూడూ ఒకే లెక్క అని వాళ్ళకి తెలిసినంతగా ఏ ఆర్థికమంత్రికీ తెలియలేదు.

సరే, "అన్నా, నేను చుక్క ముట్టను, నాకెందుకు ఫ్యాటీ లివర్?" అని అడిగేవాళ్ళున్నారు. మీకోసమే ఇప్పుడు కంచం దగ్గరికొస్తున్నా.

తాగనివాళ్ళ లివర్ కూడా తాగేవాళ్ళ లివర్‌లా కొవ్వు పట్టి వాచిపోతోందని 1980లో అమెరికాలోని మేయో క్లినిక్ డాక్టర్ లుడ్విగ్ బృందం రాసి, ఆ జబ్బుకి ఒక పేరు పెట్టింది. మన ప్రభుత్వం దీన్ని షుగర్, బీపీ లాంటి జబ్బుల జాతీయ కార్యక్రమంలో చేర్చింది 2021లో. నలభై ఏళ్ళు పట్టింది చూడండి. 2025లో హైదరాబాద్ ఐటీ ఉద్యోగుల మీద వచ్చిన అధ్యయనంలో పరీక్షించినవాళ్ళలో నూటికి 84 మందికి లివర్‌లో కొవ్వు కనిపించింది. చూసింది కొన్ని వందల మందినే. అది ఊరందరి లెక్క కాదు. అయినా కుర్చీలో కూర్చుని పనిచేసే కుర్రాళ్ళలో ఆ అంకె చిన్నదేం కాదు.

ఉత్తరాంధ్ర పాత కంచం ఎలా ఉండేదో మీ నాయనమ్మనో అమ్మమ్మనో అడగండి. చోళ్ళు, గంట్లు, సామలు, కొర్రలు. పొద్దున్న చోడి అంబలి తాగి పొలానికో, కూలికో వెళ్ళేవాళ్ళు. వరన్నం చాలా ఇళ్ళలో పండగనాటి మాట. గోదావరి మీద ధవళేశ్వరం ఆనకట్ట 1852కి పూర్తయ్యాక డెల్టాలో వరి ఏరులై పారింది. మన మెట్ట జిల్లాలకి మాత్రం ఆ అన్నం ఆలస్యంగా వచ్చింది. మిల్లులొచ్చాయి, బియ్యం తెల్లబడింది. 1983లో ఎన్టీఆర్ కిలో రెండు రూపాయల బియ్యం తెచ్చారు. దాన్ని ఎగతాళి చేసేవాళ్ళంటే నాకు పడదు. ఆకలితో పడుకున్న ఇళ్ళలో పొయ్యి వెలిగించిన పథకం అది. కానీ ఆ బియ్యం వచ్చాక చోడి చేను తగ్గిపోయింది, చోడి తినడం పేదరికం గుర్తుగా మారింది. నా చిన్నప్పుడు మా ఇంట్లో చుట్టాలొస్తే అంబలి కుండ పెరట్లోకి వెళ్ళిపోయేది.

నా దృష్టిలో అసలు తేడా ఎక్కడొచ్చిందంటే, కంచం నిండా అన్నం అలాగే ఉండిపోయింది, దాన్ని ఖర్చు చేసే పని పోయింది. పోర్టులో బస్తాలు మోసినవాడు మూడుపూటలా అన్నం తిన్నా అది కండల్లో కాలిపోయేది. ఇప్పుడు బస్తాల బదులు కంటైనర్లు, వాటిని ఎత్తేది క్రేను. మనం కూర్చుని మీట నొక్కుతాం. ఒంటికి కావలసినదానికి మించి వచ్చిన పిండిపదార్థాన్ని లివర్ కొవ్వుగా మారుస్తుంది. ఎక్కువైతే కొంత తనలోనే దాచుకుంటుంది. పంచదార ఇంకా తొందరగా ఆ పని చేయిస్తుంది. కూల్ డ్రింకులు, ఎనర్జీ డ్రింకుల్లో ఉండే తీపిలో సగం ఫ్రక్టోజ్. దాని బరువు ఎక్కువగా లివర్ మీదే పడుతుంది. నైట్ షిఫ్ట్‌లో నిద్ర రాకుండా రెండు టిన్నులు కొట్టేవాళ్ళు అది గుర్తుంచుకోండి.

చోళ్ళు మందేం కాదు. వాటిలోనూ పిండిపదార్థమే ఎక్కువ. తేడా పీచులో ఉంది. వంద గ్రాముల చోళ్ళలో పీచు 11 గ్రాములు, పాలిష్ బియ్యంలో 3 గ్రాముల లోపే. అందుకే అంబలి నెమ్మదిగా అరుగుతుంది, ఆకలి ఆగుతుంది. కానీ కేఫ్‌లో రాగి మాల్ట్ అని నాలుగు స్పూన్ల పంచదార కలిపి ఇస్తున్నారు చూడండి, అది అంబలి కాదు, పాయసం. అంబలిలో పడాల్సింది మజ్జిగ, ఉప్పు, ఉల్లిపాయ. అన్నం మానక్కర్లేదు. సగం తగ్గించి ఆ ఖాళీలో పప్పు, ఆకుకూర, చేప పెట్టండి. ఫిషింగ్ హార్బర్ ఉన్న ఊళ్ళో ఉంటున్నాం. కవళ్ళు, కానాగంతలు, నెత్తళ్ళు వంజరం కంటే చవక, ఒంటికి మంచి కొవ్వులు వాటిలో దండిగా ఉంటాయి. పులుసు పెట్టండి, నూనెలో ముంచి తియ్యకండి. బరువు ఎక్కువున్నవాళ్ళు నూటికి ఐదు వంతులు తగ్గితే లివర్ కొవ్వు తగ్గడం మొదలవుతుంది. ఏడు నుంచి పది వంతులు తగ్గితే వాపు కూడా తగ్గే అవకాశం ఉంది. ఎనభై కిలోలవాడికి నాలుగు కిలోలతో మొదలు. మందుబిళ్ళ కంటే ముందు డాక్టర్లు చెప్పేది అదే.

గింజల గురించి ఒక్క మాట. 1974లో పశ్చిమ భారతంలో, గుజరాత్, రాజస్థాన్ గిరిజన ఊళ్ళలో, బూజుపట్టిన మొక్కజొన్న తిని వందమందికి పైగా లివర్ పాడై చనిపోయారు. కారణం అఫ్లటాక్సిన్ అనే బూజు విషం. దాన్ని తేల్చిన పరిశోధకుల్లో మన హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ వాళ్ళున్నారు. వైజాగ్ గాలిలో తేమ సంగతి మీకు తెలుసు. వేరుశనగ గింజ రంగు మారినా, నోట్లో చేదు తగిలినా ఉమ్మెయ్యండి. వేయించినంత మాత్రాన ఆ విషం పూర్తిగా పోదు.

మంచి కబురు ఒకటి. కాఫీ. 2006లో అమెరికాలో లక్షా పాతికవేల మంది లెక్కలు చూసి, కాఫీ తాగేవాళ్ళలో మందు వల్ల వచ్చే సిర్రోసిస్ తక్కువగా ఉందని, రోజుకి ఒక్కో కప్పుకి సుమారు ఐదో వంతు తక్కువని రాశారు. ఆ తర్వాత చాలా దేశాల అధ్యయనాలూ అటే మొగ్గాయి. కారణం పూర్తిగా తేలలేదు, కాబట్టి క్వార్టర్‌కి విరుగుడు కాఫీ అని ఎవరైనా రీల్ చేస్తే నమ్మకండి. 2019లో భౌగోళిక గుర్తింపు తెచ్చుకున్న అరకు కాఫీ మన పక్కనే పండుతోంది. పంచదార లేకుండా రెండు కప్పులు తాగితే పోయేదేం లేదు.

ఇక నీళ్ళు. ఇది ఆఖర్న చెప్తున్నా గానీ ప్రాణాల మీదికి వచ్చేది ఇదే. పచ్చకామెర్లలో రెండు రకాలు, హెపటైటిస్ ఏ, ఈ, మురుగు కలిసిన నీళ్ళతో, తిండితో వస్తాయి. 1955 చివర్లో ఢిల్లీలో యమున మురుగు మంచినీళ్ళ ప్లాంట్‌లోకి చేరి సుమారు 29 వేల మందికి కామెర్లు వచ్చాయి. ఆ వైరస్ ఏంటో అప్పట్లో తెలీదు. 1983లో బలయాన్ అనే సోవియట్ శాస్త్రవేత్త రోగుల నుంచి తీసిన నమూనా తనే మింగి, జబ్బు తెచ్చుకుని, వైరస్‌ని పట్టుకున్నాడు. అదే హెపటైటిస్ ఈ. 2005లో హైదరాబాద్ పాతబస్తీని కుదిపేసింది కూడా ఇదే. మన ఊరికి నీళ్ళు తాటిపూడి, మేఘాద్రిగెడ్డ, రైవాడ, ఏలేరు నుంచి వస్తాయి. ఏలేరు నీళ్ళయితే నూరు కిలోమీటర్లకి పైగా కాలువలో ప్రయాణం చేస్తాయి. రిజర్వాయర్ దగ్గర ఎంత శుభ్రం చేసినా, మీ వీధిలో కుళాయి గొట్టం డ్రైనేజీలోంచి వెళ్తుంటే చివర్లో అంతా పోయినట్టే. వానాకాలం నీళ్ళు మరగబెట్టి తాగండి. బీచ్ రోడ్డులో పానీపూరీ నీళ్ళు, చెరుకురసంలో ఐస్ ఎక్కడివో అడగండి.

కామెర్లు రాగానే మనవాళ్ళు పసరు మందుకి పరిగెడతారు. ఆ నమ్మకం ఊరికే పుట్టలేదు. ఏ, ఈ రకాలు చాలామందికి కొన్ని వారాల్లో వాటంతట అవే తగ్గుతాయి. పసరు తాగినా తగ్గుతాయి, తాగకపోయినా తగ్గుతాయి. పేరు మాత్రం పసరుకి వస్తుంది. నేలఉసిరి మీద మద్రాసులో నిజంగానే పరిశోధన జరిగింది. 1988లో లాన్సెట్‌లో అచ్చయింది. హెపటైటిస్ బి ఉన్నవాళ్ళలో సగానికి పైగా రక్తంలో వైరస్ గుర్తు పోయిందని రాశారు. ప్రపంచమంతా ఆశగా చూసింది. తర్వాత వేరే చోట్ల చేస్తే ఆ ఫలితం మళ్ళీ రాలేదు. ఒక ఆకుని శ్రద్ధగా పరీక్షించడం, నిలవకపోతే ఒప్పుకోవడం, రెండూ మంచి పనులే. ఇప్పుడు డీటాక్స్ అని సీసాల్లో అమ్ముతున్నవాళ్ళు ఆ రెండో సగం చెప్పరు. అన్నట్టు హెపటైటిస్ బి తిండితో రాదు. రక్తం, సూదులు, శారీరక సంబంధం, తల్లి నుంచి బిడ్డకి వస్తుంది. దానికి టీకా ఉంది. 1997లో హైదరాబాద్‌లో వరప్రసాద్ రెడ్డిగారి శాంతా బయోటెక్నిక్స్ దాన్ని మన దేశంలోనే తయారుచేసి సామాన్యుడి ధరకి తెచ్చింది. వేయించుకోనివాళ్ళు వేయించుకోండి.

పసరుతో పాటు పెట్టే పథ్యం ఇంకో గొడవ. ఉప్పు లేదు, పప్పు లేదు, నూనె లేదు, చప్పిడి అన్నం మాత్రమే. జబ్బుతో ఉన్న మనిషికి తిండి కావాలి. తినగలిగినంత మామూలు భోజనం, నీళ్ళు, మజ్జిగ పెట్టండి. మందు పూర్తిగా ఆపండి. డాక్టర్‌ని అడక్కుండా జ్వరం బిళ్ళలు మింగకండి. కళ్ళు పచ్చబడ్డాక మనిషి మాట తడబడుతున్నా, పగలు నిద్రపోయి రాత్రి మేలుకుంటున్నా, రక్తపు వాంతి అయినా, కడుపు ఉబ్బినా ఒక్క పూట కూడా ఆగకండి. మరీ ముఖ్యంగా నెలలు నిండుతున్న గర్భిణికి కామెర్లు వస్తే అది హెపటైటిస్ ఈ కావచ్చు. చివరి మూడు నెలల్లో ఆ జబ్బు నలుగురైదుగురిలో ఒకరి ప్రాణం తీసే దాకా వెళ్ళగలదు. పసరు కోసం పక్క ఊరికి తీసుకెళ్ళే ఆ రెండు రోజులే ఆవిడకి ఖరీదైనవి. మన కేజీహెచ్ 1923 నుంచి అక్కడే ఉంది, రాత్రైనా తలుపు తెరిచే ఉంటుంది.

వచ్చే ఎపిసోడ్‌లో పోర్టు కట్టకముందు విశాఖ రేవు ఎలా ఉండేదో మాట్లాడుకుందాం. ఉంటాను మరి.